నల్ల కాగితం కింది ఆకు

కాక గురువారం పొద్దున పోయాడు. శనివారానికల్లా ఆయన పెంచిన తీగ మీద ప్లాస్టిక్ ఆకులు బిగించేశారు. ఇది తప్పు. మిగతాదంతా తర్వాత రాస్తాను, ముందు ఈ మాట రాయాలి.

కాక అంటే మన క్యాంపస్ పెద్దమాలి. నాకు చుట్టం కాదు. ఇక్కడ తోటపనికి చేరిన రోజు నుంచి కాకా అని పిలిచాను, ఆయన బిడ్డా అన్నాడు, అంతే. రెండో గేటు పక్కన సిమెంటు తొట్టిలో రాధామనోహరం నాటి, గోడంతా పాకించింది ఆయనే. ఈ గోడపత్రిక ముందు నిలబడి చదువుతున్నవాళ్లలో ఆ తీగ నీడలో ఒక్కసారైనా డబ్బా విప్పి తినని వాళ్లు ఎవరున్నారు? డ్రైవర్లు తిన్నారు, హౌస్‌కీపింగ్ అక్కలు తిన్నారు, మెడలో కార్డులేసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలూ తిన్నారు.

గురువారం తెలంగాణ సమ్మె టెంటుకు పోతూ నేను గేటు దగ్గరికి వచ్చేసరికి సెక్యూరిటీ అన్న లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ లేవడు. "కాక పోయిండు పిల్లా" అన్నాడు. "చెట్లకు నీళ్లు వొయ్యనీకె వస్తనని చెప్పులు తొడుక్కుంటనే కూలబడ్డడంట." కొండాపూర్‌లో ఆయన కిరాయి గదికి పరిగెత్తాను. చెప్పు ఒక కాలికే ఉంది.

సమ్మె రోజులు కదా, బస్సులు లేవు. ట్రాలీ ఆటోలో పాలమూరు దిక్కున ఉన్న ఆయన ఊరికి తీసుకుపోయాం. తోటపనివాళ్లం నలుగురం వెంట వెళ్లాం. తిరిగి రావడానికి బండి దొరికేసరికి శనివారం అయింది. గేటు దగ్గర దిగి చూస్తే గోడ మరీ పచ్చగా ఉంది. ఎక్కడా ఒక్క ఎండుటాకు లేదు, ఒక్క పువ్వు లేదు. దగ్గరికి పోయి ముట్టుకుంటే ప్లాస్టిక్. ఇనుప జాలికి అతికించిన ప్లాస్టిక్ ఆకుల చాపలు, గోడ పొడుగునా, తీగ మీదనే మేకులు కొట్టి బిగించారు. గోడమీది నుంచి రోడ్డువైపు వేలాడే ఒక్క కొమ్మ మాత్రం వాళ్లకు అందలేదు.

మేనేజర్ సార్ దగ్గరికి పోయాను. ఆంధ్రా ఆయనేమో అనుకోకండి. మనోడే, మా జిల్లావాడే.

"రాలుడు లేదు, ఊడ్చుడు లేదు, నీళ్లు వొయ్యాల్సిన పని లేదు. నీకే పని తప్పిందిగదనే" అన్నాడు.

"కింద ఉన్న తీగ సచ్చిపోతది సార్."

"దాన్ని నేనేమన్న పీకిన్నా? కిందనే ఉందిగద."

"ఎండ తగలకపోతే అదేం తింటది?"

"నీళ్లు వొయ్యి, ఎరువెయ్యి" అన్నాడు.

కోపం వచ్చింది, కానీ అంతకన్నా ముందు సిగ్గేసింది. ఎందుకంటే నేను చేరిన మొదటి వారం కాకతో అన్న మాట కూడా ఇదే. ఎరువు తింటే చెట్టు పెరుగుతుందని.

కాక అప్పుడు నవ్వలేదు. నన్ను ఈ తీగ తొట్టి దగ్గరికే తీసుకుపోయాడు. "ఇది నాటిననాడు తొట్టిల మట్టి ఇంత ఎత్తు ఉండె" అని బెత్తెడు చూపించాడు. "ఇయ్యాల గూడ అంతే ఉంది. మరి గింత కట్టె, గిన్ని ఆకులు ఏడికెళ్లి వచ్చినయ్? మట్టి తింటే తొట్టి ఖాళీ గావాలె గద."

నేను తొట్టిలోకి తొంగి చూశాను.

"గాలికెళ్లి, నీళ్లకెళ్లి. ఎండ మంట, ఆకు పొయ్యి. ఎరువంటవా, అది కూరల ఉప్పు. ఉప్పు లేకుంటే కూర చెడుతది. ఉప్పు తిని ఎవ్వడన్న బతుకుతడా?"

కాక పెద్దగా చదువుకోలేదు. ఇక్కడికి రాకముందు ఊళ్లో సర్కారు బడిలో అటెండర్‌గా ఉండేవాడు. సైన్సు పంతులు పాఠం చెప్తుంటే తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని విన్నాడు. ఏటా అదే పాఠం, ఏటా కొత్త పిల్లలు. పిల్లలు పాసై పోయారు, కాకకు పాఠం మిగిలింది. కిరణజన్య సంయోగక్రియ అనే మాటను తడబడకుండా ఒక్క ఊపిరిలో అనేవాడు. నాకు రాలేదు. ఏడో తరగతిలో బడి మానేసిన దాన్ని. "పేరు రాకుంటే పాయెగాని, పని తెల్వాలె" అనేవాడు. తర్వాత నేను పాత పుస్తకాల షాపులో సైన్సు పుస్తకం కొనుక్కుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. కాక చెప్పినదానికీ అందులో ఉన్నదానికీ తేడా కనిపించలేదు. పుస్తకంలో పత్రహరితం అని ఉంటే కాక పచ్చ అనేవాడు. పుస్తకంలో కార్బన్ డయాక్సైడ్ అని ఉంటే కాక మనం విడిచిన గాలి అనేవాడు.

నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. విదేశాల నుంచి పెద్దవాళ్లు వస్తున్నారని, లాబీలో కుండీల ఆకులు మెరవాలని పైనుంచి హుకుం వచ్చింది. కాక ఆ రోజు సెలవు. నేను సొంత తెలివి వాడాను. కొబ్బరినూనె సీసా తెచ్చి, ఒక్కో ఆకుకు పైనా కిందా తలకు అంటినట్టు పట్టించాను. అద్దాల్లా మెరిశాయి. అందరూ మెచ్చుకున్నారు. పది రోజులు తిరగకుండా దుమ్మంతా పట్టి, ఆకులు పసుపెక్కి వాలిపోయాయి.

కాక వచ్చి ఒక ఆకు తిప్పి చూశాడు. "పొద్దుగాల మొఖానికి నూనె రాసుకుంటవా?"

"రాసుకుంట."

"ముక్కులల్ల గూడ పోసుకుంటవా?"

క్యాంటీన్ వంట అక్క పక్కనే ఉంది, పడీ పడీ నవ్వింది. కాక మాత్రం ఆకు అడుగుభాగం నా కళ్ల ముందు పెట్టాడు. "ఈడ నోర్లుంటయ్ బిడ్డా. కండ్లకు గానరావు. గాలి గుంజుకునేది ఈడికెళ్లే, మనకు మంచిగాలి ఇడిసేది ఈడికెళ్లే. నువ్వు అన్నిటి నోర్లు మూసినవ్." రెండు రోజులు ఇద్దరం కింద కూర్చుని కుంకుడురసంలో గుడ్డ ముంచి ఒక్కో ఆకూ తుడిచాం. ఎవరు చేశారని పైవాళ్లు అడిగితే, "మావాళ్లకు నేను సక్కగ చెప్పలే" అన్నాడు. నా పేరు రాలేదు.

ఆ తర్వాతే కుండీలకు డ్యూటీలు పెట్టాడు. ఒక వారం ఏసీ గదిలో, రెండు వారాలు బయట ఎండలో. కుండీ మీద సుద్దముక్కతో గీతలు గీసి లెక్క చూసుకునేవాడు. ఆఫీసు లైట్లు రాత్రంతా వెలుగుతాయి కదా అని ఒక సాఫ్ట్‌వేర్ సారు అడిగాడు. "ఆ లైటు మీ కంప్యూటర్లకు సాలుతది సార్, దీని కడుపుకు సాలదు" అన్నాడు కాక. ఆ సారు కూడా ఇది చదువుతున్నాడేమో. గుర్తుందా సార్?

ఇక నల్ల కాగితం సంగతి. చెట్టు అన్నం వండుకుంటుందంటే నేను నమ్మలేదు, చూపించమన్నాను. కాక ఈ తీగలోనే ఒక ఆకుకు సగం మీద నల్ల కాగితం మడిచి, ఆఫీసు చెత్తలో దొరికిన క్లిప్పు పెట్టాడు. మూడు రోజులు ఉంచి, మూడో రోజు సాయంత్రం కోసుకుని క్యాంటీన్‌కు తెచ్చాడు. వేడినీళ్లలో ఉడికించాడు. పొయ్యి ఆర్పి, ఆ నీళ్లలోనే స్పిరిట్ గ్లాసు నిలబెట్టి ఆకు అందులో వేశాడు. పచ్చంతా స్పిరిట్‌లోకి దిగింది, ఆకు తెల్లబడింది. దాన్ని కడిగి, ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోని అయోడిన్ చుక్కలు వేశాడు. ఎండ తగిలిన సగం నల్లగా, నీలంగా మారింది. కాగితం కింది సగానికి అయోడిన్ గోధుమరంగు తప్ప ఏ రంగూ రాలేదు.

తర్వాత వంట అక్కను అడిగి పళ్లెంలో నాలుగు మెతుకులు పెట్టించుకుని, వాటి మీదా ఒక చుక్క వేశాడు. అవీ అదే నలుపు, అదే నీలం.

"ఆకుల ఉన్నదీ గంజే, నీ పళ్లెంల ఉన్నదీ గంజే" అన్నాడు. "మూసిన దిక్కు సూడు. పస్తు."

ఆ రోజు నేను అన్నం తింటూ ఏడ్చాను. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అప్పటిదాకా నాకు ఎవరూ ఏదీ రుజువు చేసి చూపించలేదు, నమ్మమనే చెప్పారు.

సమ్మె మొదలయ్యాక మావాళ్లందరూ పని బంద్ పెట్టి చౌరస్తాలో టెంటు కింద కూర్చున్నారు. కాక పొద్దున్నే కొండాపూర్ నుంచి నడిచి వచ్చి, మొక్కలకు నీళ్లు పోసి, అప్పుడు టెంటుకు వచ్చేవాడు. నేను గొడవ పెట్టుకున్నాను. "నువ్వు తెలంగాణోనివేనా కాకా? పని బందంటే బందే గద" అన్నాను. మనవాళ్లు నవ్వారు. కాక పైగుడ్డతో చెమట తుడుచుకుని, "జీతం పని బంద్ పెట్టిన. దూప బంద్ పెట్టరాదు, చెట్టుకు గూడ గొంతెండుతది" అన్నాడు. ఆ రోజులకు జీతం తీసుకోలేదు. మొన్న బుధవారం కూడా నీళ్లు పోసే వచ్చాడు.

ఆ రోజు టెంటు కింద నా పక్కన కూర్చుని ఆయన అన్న మాట రాస్తాను. "నీళ్లడుగుతున్నం, కొలువులడుగుతున్నం. అడగాలె. ఎండనొక్కటే ఇంకా ఎవ్వడు ఆపలే. అది గూడ అడుక్కునే దినం వస్తె ఇగ మనుషులం ఎందుకు?"

తొట్టి తడిపి వచ్చిన ఆయన చేతికి ఇంకా తడిమన్ను అంటుకుని ఉంది.

ఆ దినం రావడానికి మూడు రోజులు పట్టింది.

మేనేజర్ సారుకు చెప్తున్నాను, మీ అందరి ముందే చెప్తున్నాను. తీగ వేర్లలో దాచుకున్న గంజి కొంత ఉంటుంది. దానితో కొన్నాళ్లు లాగుతుంది. అది అయిపోతే నీళ్లు పోసినా, ఎరువు వేసినా లేవదు. ఆ ప్లాస్టిక్ తీసేయాలి. మేకులు ఊడబెరకాలి. ఊడ్చే పని ఎక్కువవుతుందంటే ఆ పని నాది, ఇక్కడే రాసి ఇస్తున్నాను. వచ్చే ఆదివారం కాకకు పదకొండో రోజు. ఆ ఉదయం ఆరు గంటల లోపు తీస్తారా, తీయరా, ఈ కాగితం కిందే ఖాళీ వదిలాను, అందులో రాయండి. రాయకపోతే ఆరింటికి నిచ్చెన వేసేది మేమే.

ఒక్క మాట. శనివారం నేను రోడ్డువైపు పోయి, వాళ్లకు అందని ఆ కొమ్మకున్న ఒక ఆకుకు సగం మీద నల్ల కాగితం మడిచి పెట్టాను. క్లిప్పు కాకదే, ఆయన చొక్కా జేబులో దొరికింది. బస్టాపులో నిలబడితే ఎవరికైనా కనిపిస్తుంది, గాలికి ఊగుతూ ఉంటుంది. ఎవరూ ముట్టుకోకండి. ఆదివారం ఆరింటికి అందరి ముందు విప్పుతాను. గోడ మీద ఏం జరుగుతోందో, కాగితం కింద పచ్చ పాలిపోయిన ఆ సగం ఆకు చూపిస్తుంది.