జపాన్ దేవుడికి చెప్పిన చిరునామా

యుద్ధం, సముద్రం, వెయ్యేళ్ల గుడి, ఊళ్లో సాయుధ పోరాటం. ఇదొక మహాకావ్యం అని మొదలుపెట్టాలని ఉంది. కాని ఇందులో నా వంతు లారీ తోలడం, చేతులు కడుక్కోవడం మాత్రమే.

1946లో మా సరఫరా దళాన్ని బర్మా నుంచి జపాన్‌కు మార్చారు. అక్కడ కాపలా ఉన్న బ్రిటిష్ ఇండియా సైన్యానికి బియ్యం, పప్పు మోయడం మా పని. నేను సిపాయి డ్రైవర్ని, ఇబ్రహీంపట్నం వాణ్ని. నా పైన హవల్దార్ యాదగిరి, మహేశ్వరం మనిషి. బర్మాలో అందిన ఆఖరి ఉత్తరంలో మా అన్న దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరాడనీ, దొర మనుషులు వెతుకుతున్నారనీ బాపు రాయించాడు. ఆ తర్వాత నాలుగు నెలలు ఒక్క ముక్క లేదు. అన్న బతికి ఉన్నాడో లేదో తెలియదు.

ఒక ఆదివారం యాదగిరి నన్ను పాత షింటో గుడికి తీసుకుపోయాడు. తలుపులు లేని చెక్క ద్వారం ముందు తల వంచాలి. దారి మధ్యలో నడవకూడదు, అది దేవుడిది. వెదురు గరిటెతో నీళ్లు తీసి ముందు ఎడమ చేయి, తర్వాత కుడి, ఆపైన నోరు కడుక్కోవాలి. రెండుసార్లు నడుం వంచాలి, రెండు చప్పట్లు, మొక్కు, మళ్లీ ఒకసారి నడుం వంచాలి. మా కవాతు కన్నా తేలిక, తిట్టేవాడు లేడు అనుకున్నాను.

"జర మెల్లగ కొట్టురా, దేవునికి చెవుడు లేదు," అన్నాడు యాదగిరి.

పేరుతో పాటు చిరునామా కూడా చెప్పాలని పూజారి దుబాసీతో చెప్పించాడు. లేకపోతే మొక్కిందెవరో దేవుడికెలా తెలుస్తుంది? న్యాయమే. అన్నను కాపాడమని మొక్కి, పేరు చెప్పి, మా దళం తపాలా నంబరు పైకే చదివాను. సిపాయికి ఆ నంబరే ఊరు.

"గది బర్మా నంబరు గదరా! ఇంటికి గూడ గదే రాస్తున్నవా?"

"అవ్."

"మంచిగున్నది. దేవుడు బర్మాకు పోతడు. నీ ఉత్తరాలు గూడ గాడనే ఉంటయి."

కొత్త నంబరుతో మళ్లీ మొక్కాను, నడుం వంచడాలతో సహా. సోమవారం తపాలా గుమాస్తా దగ్గర చిరునామా మార్పు ఫారం నింపాను. కొన్ని వారాలకు ఏడు ఉత్తరాలు ఒకే కట్టగా వచ్చాయి. ఆఖరిది అన్న చేతిరాత: "బతికే ఉన్న అని ఎన్నిసార్లు రాయాలెరా? మళ్ల మళ్ల గదే అడుగుతవ్. చదువుడు మర్చినవా?"

ఆ తిట్లు రెండుసార్లు చదివాను.

పోలీసు చర్య తర్వాత అన్న ఇల్లు చేరాడు. దేవుడి చలవ అని యాదగిరి, సంఘం చలవ అని అన్న. నేను నేర్చుకున్నది వేరు: దళం మారిన రోజే ఆ ఫారం నింపాలి. రెండు ప్రతులు కావాలి.