విత్తనాల తొట్టెలో కప్ప

బుచ్చయ్యపేట దారిలో ఉన్న మా ఊళ్లో మా బావ గురించి ఇప్పటికీ రెండు మాటలు చెప్పుకుంటారు. వాన కోసం ఊరేగించాల్సిన కప్పను, నీళ్లలో పురుగుమందు కలిపి చంపాడన్నది ఒకటి. తరవాత బండి మీంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాడన్నది ఇంకొకటి. రెండూ అబద్ధాలే. రెండూ నా నోటినుంచే బయటికొచ్చాయి.

బావ అంటే మా అక్క మొగుడు. అతనూ నన్ను బావా అనే పిలుస్తాడు. మా చెరకు మడులు రెండూ ఒకే పిల్లకాలవ మీద పారేవి. ఆ ఏడు ఆషాఢం వచ్చినా చినుకు లేదు. నీటి వంతు దగ్గర రోజూ గొడవే. ఒకసారి అతను నా గట్టు తెంపితే పార పుచ్చుకుని వెంటపడ్డాను. అక్క అడ్డం రాకపోతే ఆ రోజే నెత్తురు చూసేవాణ్ణి.

ఊళ్లో కప్పతల్లిని ఊరేగిద్దామన్నారు. రోకలికి పసుపు రాసి, వేపమండలు చుట్టి, మధ్యలో తడిగుడ్డతో కప్పను కట్టి ఇంటింటికీ తిప్పుతారు. ఆడవాళ్లు దాని మీద నీళ్లు పోస్తారు. ఊరేగింపయ్యాక కప్పను ప్రాణంతో వదిలెయ్యాలి. చస్తే ఊరికి అరిష్టమంటారు. దాన్ని పట్టి తెల్లారేదాకా కాపాడే పని నాకు అప్పజెప్పారు.

ఎండిన కాలవ గట్టు తవ్వితే బోదురుకప్ప ఒకటి దొరికింది. పట్టుకోగానే నా చేతినిండా నీళ్లు విడిచింది. పక్కనున్నవాళ్లు నవ్వారు.

అవి బోరు ఎండిపోయి ట్యాంకరు నీళ్లతో బతుకుతున్న రోజులు. కప్ప కోసం ఒక బిందె ఇమ్మంటే మా ఆవిడ కస్సుమంది.

"తాగడానికి నేక సత్తంటే కప్పకి నీళ్లా? ఆ తొట్లో ఉన్నాయి కదా, అందులో పడెయ్యి."

తొట్టెలో ఉన్నవి విత్తనాలు తేల్చిన నీళ్లు. వరినారు పోసేముందు మేం విత్తనాల్ని ఉప్పునీళ్లలో వేస్తాం. కోడిగుడ్డు పైకి తేలేదాకా ఉప్పు కలుపుతాం. అప్పుడు తాలు తేలిపోయి గట్టి గింజ అడుగున నిలుస్తుంది. ఆ కరువులో ఆ నీళ్లు కూడా పారబొయ్యబుద్ధి కాలేదు. కప్పకి నీళ్లు కావాలి, ఇవీ నీళ్లే అనుకున్నాను. కప్పను అందులో వేసి, మూతపెట్టి, మూత మీద రాయి పెట్టాను.

కాసేపటికి నీటి వంతు అడగడానికి బావ వచ్చాడు. లోపల కప్ప మూతకేసి కొట్టుకుంటోంది.

"ఏటి బావా, కప్పకి పెళ్లి సేత్తన్నావా? సీర కొన్నావేటి?"

"నోరు మూసుకోని పో. వానొత్తే నీ మడి కూడా తడుత్తాది."

"నీ మొకం సూసి మబ్బులే పారిపోతన్నాయి బావా, పాపం కప్పేం సేత్తాది?"

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నేను అన్నం తింటున్నంతసేపూ మూత దడదడలాడింది. మంచి బలమైన కప్ప దొరికిందని సంబరపడ్డాను. చెయ్యి కడుక్కునే వేళకి చప్పుడు ఆగిపోయింది.

పొద్దున మూత తీశాను. నీళ్ల మీద తెల్లటి జిగురు నురగ. కప్ప వెల్లకిలా తేలుతోంది. నిన్న పిడికిట్లో ఇమడనిది ముడుచుకుపోయి, తోలు ఎముకలకి అంటుకుని, కళ్లు లోపలికి పోయి ఉంది. నీళ్లలో ఉండి ఎండిపోయింది. తొట్టె అంచున ఆరిన ఉప్పు చూడగానే తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది. గబగబా ఆ నీళ్లు పెంట మీద కుమ్మరించాను. అప్పటికే వాకిట్లో డప్పు మోగుతోంది.

"ఎవుడు సంపేడ్రా?" అన్నాడు ముందు వచ్చినవాడు.

"రేత్రి బావ వచ్చేడు. తొట్టి కాడే నిలబడ్డాడు. ఏటి కలిపేడో మరి."

నేనన్నది అంతే.

మడిలో ఉన్న బావను బెల్లం వండే పాక దగ్గరికి ఈడ్చుకొచ్చారు. ఇద్దరు కాళ్లు పట్టుకున్నారు. ఒకడు నోట్లో మట్టి కుక్కాడు. అతను మట్టి ఉమ్ముతూ నా వంకే చూసి అరిచాడు.

"నాను ముట్టుకోనేదని సెప్పు బావా! నువ్వక్కడే ఉన్నావు కదా, సెప్పు!"

ఇంకాసేపు అరిస్తే ఎవరో ఒకరు నన్నే అడుగుతారని భయమేసింది. వేపమండల రోకలి గోడకి ఆనించి ఉంది. దాన్ని ఎత్తి కొట్టాను. తలకే గురిపెట్టాను. అతను పక్కకి తిరగడంతో భుజం మీద పడింది. ఎండుగడ విరిగిన చప్పుడైంది. అక్కడితో ఆగలేదు, అక్కడే మళ్లీ కొట్టాను. వేపాకులు రాలి నెత్తుటికి అంటుకున్నాయి. మా అక్క పరుగున వచ్చి అతని మీద పడితే ఆమె వీపు మీదా దెబ్బ పడింది. అది ఎవరిదో తెలీదు. నాది కాదని మాత్రం చెప్పలేను.

అనకాపల్లి ఆస్పత్రిలో, బండి మీంచి పడ్డాడని నేనే చెప్పాను. అతని కుడిచెయ్యి ఇక చెవిదాకా లేవలేదు. కత్తి పట్టి చెరకు కొట్టలేని మనిషికి ఊళ్లో పనేముంటుంది? మడి కౌలుకిచ్చి అనకాపల్లి వెళ్లి, ఒక బెల్లం గొడౌన్ దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. ఆ ఏడు వాన పడకపోతే అదీ అతని నెత్తినే రుద్దారు.

ఏళ్లు గడిచాయి. మొన్నామధ్య అనకాపల్లి బస్టాండులో మా మేనకోడలు, బావ కూతురు, కనబడింది. డిగ్రీలో జువాలజీ చదువుతోంది. పలకరింపు కూడా లేకుండా అడిగింది.

"ఆ కప్పని దేంట్లో పెట్టేవు మావయ్యా?"

తనే చెప్పింది. కప్ప నోటితో నీళ్లు తాగదట, పొట్ట కింది తోలుతోనే పీల్చుకుంటుందట. మంచినీళ్లలో ఉంటే ఒంట్లోకి నీరు వచ్చిపడుతూనే ఉంటుంది. ఎక్కువైంది పల్చటి మూత్రంగా పంపేసి, పోయిన ఉప్పును మళ్లీ తోలుతోనే లాక్కుంటుంది. కరువు కోసం మూత్రాశయంలో నీళ్లు దాచుకుంటుంది. అంటే నా చేతిలో విడిచింది అది దాచుకున్న నీళ్లే. ఉప్పునీళ్లలో వేస్తే అంతా తలకిందులు. నీళ్లన్నీ ఆ తోలులోంచే బయటికి పోతాయి.

"మా నాన్న మందు కలిపేడని మా కాలేజీ బస్సులో కూడా అంటారు. అందుకే అడిగేను."

"విత్తనాల తొట్టి," అన్నాను.

ఆ పిల్ల నా చొక్కా పట్టుకుంది. జనం చూస్తుంటే వదిలేసి, "ఈ మాట మా నాన్నకి సెప్పు, పద," అని ఇంటికి తీసుకెళ్లింది.

చెప్పాను. అక్క చేటలో బియ్యం వదిలేసి లోపలికి పోయింది.

"నాకు సెప్తే ఏటొత్తాది? ఊళ్లో సెప్పు," అన్నాడు బావ.

ఇద్దరం ఊరెళ్లాం. టీ బడ్డీ దగ్గర, ఆనాడు కాళ్లు పట్టుకున్నవాళ్ల ముందే అంతా చెప్పాను. ఒకడు నవ్వాడు.

"ఇంకా ఆ కప్పగోలేటి మావా? అయినా ఆడు బండి మీంచి కదా పడ్డాడు!"

బావ ఎడం చేతిలో ఉన్న వేడి టీ వాడి మొహాన కొట్టాడు. బల్లలు తిరగబడ్డాయి. మళ్లీ అందరూ అతని మీద పడ్డారు. అడ్డం వెళితే నా పెదవి చిట్లింది, పన్ను ఊడింది. బావ నన్ను కూడా తోసేసి రోడ్డెక్కాడు. బస్సు వచ్చేదాకా నా వైపు తిరగలేదు. ఎక్కబోతూ అన్నాడు.

"నువ్వు సెప్తే ఆళ్లు ఇన్నేదు. కాయితం మీద రాయి. నా పేరెయ్యకు. రోకలి ఎవుడెత్తేడో అది రాయి."

ఎత్తింది నేను. అతను తొట్టెను ముట్టుకోలేదు.