క్యాలెండరు కాగితాల వెనుక

ఆయన చేతిరాత నేనే కాల్చాను. ఇంకెవరో కాల్చారని చెప్పుకోగలిగితే కొంచెమన్నా తేలికయ్యేది. అగ్గిపుల్ల గీసింది మాత్రం నేనే.

మా కాపురం సారం అనే పేటలో. ఆయనకు పక్కనే మేట్టుపాళయంలో ఒక ఫ్యాక్టరీలో పని. డెబ్బైల్లో మా పెళ్లయినప్పుడు టైపు కొట్టేవారు, వేళ్లకు ఎప్పుడూ కార్బను మరకలే. ఎనభైలు సగం గడిచాక ఆ ఫ్యాక్టరీకి కంప్యూటరు వచ్చింది. దానికొక చల్లని గది. చెప్పులు బయట వదిలి లోపలికి పోవాలట.

"గుడికి పోయినట్టే పోతావుండారే" అని నవ్వేదాన్ని.

గోడౌనులో ఏ సరుకు ఎంతుందో ఆ మిషనులోకి ఎక్కించే పని ఆయనకు అప్పజెప్పారు. నేర్పడానికి వచ్చిన మనిషి రెండు రోజులుండి, ఇంగ్లీషులో ఒక లావు పుస్తకం చేతిలో పెట్టి పోయాడు. ఇక ఆయనే తప్పులు చేసి, దిద్దుకొని, దిద్దుకున్నది మరిచిపోకుండా చీటీ రాసుకునేవారు.

చీటీ అంటే రోజూ చించే క్యాలెండరు కాగితమే. ముందువైపు తిథి, రాహుకాలం. వెనుక తెలుపు. మా ఇంట్లో చించిన కాగితాలు పారేయం. పెరట్లో వేన్నీళ్ల బాయిలరు పక్కన ఒక ఇనప కమ్మీకి గుచ్చి ఉంచుతాం, పొద్దున్నే కొబ్బరి పీచు అంటించుకోవడానికి. ఆయన రాసినవి మాత్రం వంటింటి తలుపు వెనుక ఇంకో కమ్మీకి.

నాకు సంతకం తప్ప రాదు. అయినా ఆయన రాసిన ప్రతి చీటీ ముందు నాకు చదివి వినిపించాల్సిందే.

"ఇది విను. స్టార్ పెట్టి తుడిచేముందు, అదే స్టార్ పెట్టి జాబితా అడగాల. డి ఐ ఆర్, ఒక ఖాళీ, స్టార్, చుక్క, బి ఎ కె. ఏమేమి పోబోతాయో తెర మీద పడతాయి. కండ్లారా చూసుకున్నాక డి ఐ ఆర్ బదులు డి ఇ ఎల్ కొట్టాల."

"స్టార్ అంటే ఏంది?"

"ఏ పేరైనా సరే అని. మన పెండ్లికి మీ అమ్మ పిలిచినట్టు, ఇంటిల్లిపాదీ రండి అని."

"చూడకుండా కొడితే?"

"కొట్టినాను గదా. నాలుగు దినాల పని గాలికి పోయింది. మేనేజరు ముందర నిలబడి నేనే ఒప్పుకున్నా."

ఇంకో చీటీలో ఎఫ్ మూడు అనే మీట సంగతి. అది నొక్కితే చివర కొట్టిన వరస మొత్తం మళ్లీ వస్తుందట. అది తెలిసినప్పటి నుంచి నేను ఒకే మాట రెండుసార్లు సణిగితే చాలు, "మళ్లా ఎఫ్ మూడు నొక్కినావా?" అనేవారు. పక్కింటివాళ్లకు అర్థం కాదు. నాకు కోపమూ వచ్చేది, నవ్వూ వచ్చేది.

ఒక సాయంత్రం ఆయన సైకిలు స్టాండు కూడా సరిగా వేయకుండా లోపలికొచ్చారు. చేతిలో చీటీ.

"ఈ దినం ఒకటి కనుక్కున్నా. వింటే నవ్వుతావు."

ఆ రోజు కిరసనాయిలు వరసలో నిలబడి నిలబడి నా నడుము విరిగిపోయింది.

"చాల్లే మీ మిషను మాట. చారు చల్లారిపోతా వుంది. తినండి."

ఆయన చీటీ కమ్మీకి గుచ్చి, వచ్చి తిన్నారు. మరునాడు పొద్దున నేను వీధి కుళాయి దగ్గర ఉండగానే వెళ్లిపోయారు. ఫ్యాక్టరీ గేటు ఇంకా రాకముందే, సైకిలు మీది నుంచి పడిపోయారు. గుండె.

కర్మ రోజు ఇంటినిండా చుట్టాలు. అందరికీ తలస్నానం. బాయిలరు వేయడం నా పని, ఆ రోజూ నేనే వేశాను. పెరట్లో కమ్మీ ఉంది. గుప్పెళ్లు గుప్పెళ్లుగా లాగి పీచు కింద పెట్టాను. పైన తిథి కనబడింది, రాహుకాలం కనబడింది. తిప్పి చూడలేదు.

తర్వాతి వారం ఆయనతో పనిచేసే యానాం మనిషి వచ్చాడు. వాకిట్లోనే నిలబడి అడిగాడు.

"అక్కగారూ, ఆ మిషను మా మాట వినట్లేదండి. ఆయన చీటీలు ఇంట్లో ఉన్నాయనేవారు. ఒక్కపూట ఇస్తే రాసుకుని తెచ్చిచ్చేస్తానండి."

తలుపు వెనుక కమ్మీ తగిలించే మేకు ఒక్కటే ఉంది. మా ఆడబిడ్డ ఇంకా ఊరికి పోలేదు, ఆమెను అడిగాను.

"వొదినా, ఈడ గుచ్చినవి యాడ?"

"కర్మకు వంటిల్లు కడగాల గదా, పెరట్లో బాయిలరు కాడ పెట్టినా. ఏం, లేవా?"

పరుగెత్తాను. రెండు కమ్మీల్లో ఒకదానికే కాగితాలు మిగిలి ఉన్నాయి. ఒక్కొక్క కాగితం తిప్పి చూశాను. అన్నీ తెల్లనివే.

ఎంతసేపు అక్కడ కూర్చున్నానో తెలియదు. తర్వాత ఆ తెల్లకాగితాలే తెచ్చి వాకిట్లో ఉన్న అతని చేతిలో పెట్టాను.

"రాసుకో తమ్ముడూ. నేను చెప్తా."

డి ఐ ఆర్, ఖాళీ, స్టార్, చుక్క. జాబితా పొడుగైతే చివర వాలుగీత, పి. తెర నిండగానే ఆగుతుంది. పని ముగిశాక రెండో ఫ్లాపీలోకి కాపీ, ఆ ఫ్లాపీ వేరే గది బీరువాలో. ఎఫ్ మూడు. ఆయన ఎక్కడ ఆగేవారో అక్కడ ఆగి, ఎక్కడ దగ్గేవారో అక్కడ దగ్గకుండా ఉండలేక, అన్నీ చెప్పాను.

"అదేంటండీ, చదువు రాదంటారుగా?"

"చదువు రాదు. చెవులుండాయి గదా."

అతను రాసినవి లెక్కపెట్టుకుని తలెత్తాడు.

"ఇంకోటుండాలండి. ఆ చివర్రోజు ఆఫీసులో తెగ సంబరపడిపోయారు. ఏంటి గురువుగారూ అంటే, 'ముందు మా ఇంట్లో చెప్పాలి, రేపు నీకు చెప్తా' అన్నారు. అది చెప్పండక్కా."

"అది ఒక్కటి నేను వినలేదు తమ్ముడూ."

అతను కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఆ ఫ్యాక్టరీ పని ఎలాగో నడిచిందనే విన్నాను.

ఎఫ్ మూడు నొక్కితే చివరి వరస ఒక్కటే వస్తుందని ఆయనే చెప్పారు, దానికి ముందుది రాదట. మా ఇద్దరిలో చివర మాట్లాడింది నేను. ఎప్పుడు తలుచుకున్నా అదే వస్తుంది: చాల్లే మీ మిషను మాట.