బాపు మూత్రసంచిలో రాయి

మా బాపు కడుపులోంచి రాయి తీశానన్న మనిషి మీద నాకింకా కోపం చల్లారలేదు. నెక్కొండ దగ్గర మా ఊరికి పక్కూరే వాడిది. పొత్తికడుపు మీద గొట్టం ఆనించి, నోటితో పీల్చి, అరచేతిలోకి శనగగింజంత రాయి ఉమ్మాడట. చర్మానికి చిల్లు లేదు, చుక్క నెత్తురు లేదు! బాపు దాన్ని వాడకట్టంతా తిప్పి చూపించాడు.

"పోయింది బిడ్డా, ఇగ ఫికర్ లేదు" అని వరంగల్‌లో ఉంటున్న నాకు ఫోన్ చేశాడు.

ఆ రాయిని వాడు ముందే నోట్లో పెట్టుకున్నాడని ఒక్కరికీ తట్టలేదా? తట్టిందట. మందు చేసినవాణ్ని అనుమానిస్తే మందు పట్టదని నోరు మూసుకున్నారట. మా వాళ్ల తెలివికి దండం పెట్టాలి.

రెండు నెలలకు మూత్రం పూర్తిగా ఆగిపోయింది. పొట్ట ఉబ్బి మెలికలు తిరుగుతున్న మనిషిని వరంగల్ దవాఖానకు తెచ్చారు. ముందు గొట్టం వేసి మూత్రం తీశారు, తర్వాత స్కాన్. రాయి ఉన్నచోటే ఉంది, నిమ్మకాయంత.

"ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారిని నొక్కుతాంది" అన్నాడు డాక్టర్. "సంచి మొత్తం ఖాళీ అయితలేదు. మిగిలిన మూత్రంల ఉప్పులు పేరుకొని రాయి అయింది. ఇంకా లేట్ చేస్తే కిడ్నీలు పోతుండె."

ఇంత రాయి పసరుకో ఉలవ నీళ్లకో కరగదట. మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి కెమెరా గొట్టం పంపి, లేజర్‌తో పగలగొట్టి, ముక్కలు కడిగేశారు. మళ్లీ రాయి కట్టకుండా, అడ్డమొచ్చిన గ్రంథినీ కొంత తీసేశారు. పైన కోతే లేదు. ఇంత సులువైన పనికి బాపు ఏడాదిగా మంటతో చచ్చాడు.

"మంట మొదలైనప్పుడే నాకెందుకు చెప్పలే?" అని వార్డులోనే అరిచాను.

"ఆడపిల్లకు గసొంటియి ఎట్ల చెప్తరు బిడ్డా" అన్నాడు గోడ వైపు తిరిగి.

డిశ్చార్జి చేస్తూ నీళ్లు బాగా తాగమన్నారు. బస్టాండులో సీసా మూత తీసి ఇచ్చాను. పెదవులు తడుపుకొని తిరిగి ఇచ్చేశాడు.

"తాగు బాపూ!"

"దిగినంక తాగుత. పోయినేడు ఒంటికని బస్సాపితే అందరి ముందట తిడ్తివి గదా. గప్పటిసంది బస్సెక్కే ముందు నీళ్లు ముడ్తలేను."

మా ఊరి బస్సు వచ్చింది. పోనిచ్చాను. బాపు సీసా సగం తాగేదాకా పక్కనే కూర్చున్నాను. తిట్టడానికి నాకు ఇంకెవరూ మిగల్లేదు.