బర్రె పేరు మీద వాము

నిన్న మా మనవరాలు హాల్లో సోఫా మీద ముడుచుకొని, పొత్తికడుపు మీద వేడినీళ్ల సంచి పెట్టుకొని, "డాడీ, ఇది చల్లారింది, మళ్ల నింపి తేవా, పీరియడ్స్ నొప్పి చంపుతున్నది" అని వాళ్ల నాన్నను కేకేసింది. మా అబ్బాయి వెంటనే లేచి వంటింట్లోకి వెళ్లాడు. తప్పేదో నేనే చేసినట్టు నా చెవులు వేడెక్కాయి. అంతటితో ఆగక, తనకున్నది ఎండోమెట్రియోసిస్ అనే జబ్బని, మందులతో పాటు కాపడం, కాస్త నడక కూడా మేలు చేస్తాయని డాక్టరమ్మ చెప్పిందని, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లాంటి నొప్పి ఉండేదేమో కనుక్కొని రమ్మన్నదని చెప్పి, "నీకుండెనా నానమ్మా?" అని అడిగేసింది. సంచి నింపి తెచ్చిన కొడుకు ఎదుట ఏం చెప్పను? గుర్తులేదని లేచి వచ్చేశాను.

గుర్తులేకపోవడమా! నిజాం పాలన నాటి మాట. చేవెళ్లలో మాకు ముందు దుకాణం, వెనక ఇల్లు. బయట చేరిన ఆడవాళ్లు దొడ్లో బర్రె కొట్టాన్ని ఆనుకొని ఉన్న చిన్న పంచలో కూర్చోవాలి, పొయ్యి ముట్టరాదు, ఎవరినీ తాకరాదు. నా ఈడు వాళ్లకు ఇదంతా నేను చెప్పనక్కరలేదు. పెద్దమనిషినైన ఏడాదికే నాకు ఆ నొప్పి మొదలైంది, నడుములో పుట్టి తొడల దాకా పాకి మెలిపెట్టేది. మా అమ్మ ఇటుక పెళ్లను నిప్పుల మీద కాల్చి, మందపాటి గుడ్డలో చుట్టి, నన్ను తాకకుండా కర్రతో నా వైపు నెట్టేది. పొత్తికడుపుకు ఆముదం రాసుకొని దాన్ని ఆనించుకొని, వామూ బెల్లమూ వేసి కాచిన నీళ్లు గుటక గుటకగా తాగితే, నొప్పి పోయేది కాదు గాని పళ్లబిగువున ఓర్చుకోగలిగేంతకు దిగేది.

చిక్కల్లా ఆ వాముతోనే వచ్చింది. మా వైపు దాన్ని ఓమ అంటాం. అది బాపు, అదే మా నాన్న, దుకాణంలోనిదే, అడిగితే ఇస్తాడు, కానీ ఇంత ఎందుకని అడిగితే కూతురి ముట్టునొప్పికని ఏ తల్లి నోరు విప్పుతుంది? అందుకని అమ్మ నడిమింటి తలుపు చాటున నిలబడి, "బర్రెకు కడుపుబ్బింది, జర ఓమ ఇయ్యుండ్రి" అనేది. "మల్ల ఉబ్బిందా? ఏం మేపుతున్నరే దానికి?" అని విసుక్కుంటూనే బాపు పొట్లం కట్టిచ్చేవాడు. ఆ మాటలు పంచలో ఉన్న నాకు వినబడేవి, నా పక్కన బర్రె తీరిగ్గా నెమరు వేస్తుండేది. నవ్వు రావలసిన చోట నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది.

నెలనెలా రోగం వచ్చే బర్రెను ఏ షావుకారు ఉంచుకుంటాడు? ఒకనాడు బాపు దాన్ని మొయినాబాద్ రైతుకు అమ్మేశాడు. మాట దాచే మనిషి కాడు గనక, "నెలకోసారి దీనికి కడుపుబ్బుతది, ఓమ పోస్తె తగ్గుతది, ముందుగాల్నే చెప్తున్న" అని మరీ చెప్పి, ధర తగ్గించి ఇచ్చాడు. అమ్మ తలుపు చాటునే నోరు నొక్కుకున్నది. పాలు పోయాయని ఇంటిల్లిపాదీ దిగులుపడితే, ఇక ఏ పేరు చెప్పి వాము అడుగుతారని నా దిగులు. ఆ నెల అడగనే లేదు. ఒట్టి ఇటుక పెళ్లతో, అరుపు బయటికి రాకుండా ఓణీ కొస నోట్లో కుక్కుకొని గడిపాను.

కొన్నాళ్లకు సంతకు వచ్చిన ఆ రైతు మా దుకాణం ముందు ఆగి, "షావుకారీ, నీ బర్రెకు ఏ రోగం లేదు, ఒక్కనాడన్న ఉబ్బలే. బంగారమసొంటి బర్రెను అగ్గువకిచ్చినవ్" అని నవ్వుతూ పోయాడు. ఆ పూట అన్నం తింటున్నంతసేపూ బాపు నా వైపు చూడలేదు, నేనూ తలెత్తలేదు.

తరువాతి నెల నేను పంచలో చేరిన మర్నాడు, తెల్లారి చూస్తే గోడ గూట్లో వాము పొట్లం, ఆముదం బుడ్డి ఉన్నాయి. అమ్మ తాను పెట్టలేదన్నది. బాపు కట్టే పొట్లం నేను గుర్తుపట్టనా? నొప్పి తగ్గడం మాట అటుంచి ముందు సిగ్గే ముంచుకొచ్చింది, బాపుకు తెలిసిపోయిందని మోకాళ్లలో తల పెట్టుకొని ఏడ్చాను. పెళ్లై వెళ్లేదాకా ప్రతి నెలా ఆ గూట్లో పొట్లం ఉండేది. ఆయన పోయేదాకా మా మధ్య ఆ ఊసే రాలేదు.

ఈ కాలం పిల్లలకు సిగ్గు లేదని మనం వాపోతుంటాం. నేనూ వాపోయినదాన్నే. కానీ నిన్న నా కొడుకు ఆ సంచి నింపి తెచ్చి, వేడి సరిపోయిందా అని కూతుర్ని అడుగుతుంటే, బాపు కూడా ఆ పొట్లం నా చేతికిచ్చి ఒక్క మాట అడిగి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. అడిగినా నేను తలెత్తి జవాబు చెప్పేదాన్ని కాదేమో.

సాయంత్రం మనవరాలి పక్కన కూర్చున్నాను. డాక్టరమ్మకు చెప్పాలి కదా. నాకుండేదని నేరుగా చెప్పడం మాత్రం నా వల్ల కాలేదు. చివరికి, "మా ఇంట్ల ఒక బర్రె ఉండేదమ్మా, దానికి నెలనెలా కడుపునొప్పి వచ్చేది" అని మొదలుపెట్టాను.