సుగుణక్క దించిన లైట్లు

నిన్న సాయంత్రం అల్లూరు దాటి వస్తుంటే, ఎదురుగా వచ్చిన కారు లైట్లు కళ్లలో సూదుల్లా గుచ్చుకున్నాయి. రోడ్డు కనిపించలేదు. బ్రేకు తొక్కి పక్కకు ఆపాను. నా నోటివెంట "అక్కా!" అన్న కేక వచ్చింది. కారులో ఉన్నది నేనొక్కదాన్నే.

సుగుణక్క నా మొదటి ఉద్యోగంలో మేనేజరు. బోగోలు దగ్గర రొయ్యపిల్లల్ని పెంచే హేచరీ మాది. జీపు తానే నడిపేది. "పక్కన కూర్చోని భయపడేదానికంటే నడపటం నేర్చుకో పాపా" అని నాకు స్టీరింగు అప్పగించిందీ ఆమే. ఒకరోజు పొద్దుగుంకాక చెరువుల మీది నుంచి తిరిగి వస్తుంటే ఎదురుగా ఒక కారు లైట్లు మమ్మల్ని కమ్మేశాయి. "ఏమీ కనపళ్లేదే!" అంది జీపు నడుపుతున్న అక్క. ఆమె గొంతులో భయం నేను విన్నది అప్పుడే. జీపు కాలువలోకి జారింది. నాకు గీరుకుపోయిందంతే. అక్క కుడికన్ను పోయింది.

కట్టు విప్పకముందే ఆ కారతను నెల్లూరు ఆసుపత్రికి వచ్చాడు. నాయుడుపేటలో రొయ్యల మేత అమ్ముతాడట. మంచం పక్కన నిలబడి ఏడుస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మాత్రం, "ఆ రోజు కారు వెనక ఏం ఏసుకున్నావు?" అని అడిగింది.

"మేత బస్తాలక్కా. డిమ్ములోనే వచ్చినాను, దేవుడి తోడు."

"బరువుకు వెనక కుంగితే ముందు లైట్లు పైకి లేస్తాయి నాయనా. ఇప్పుడేముండాయి బండిలో?"

అతను తల దించుకున్నాడు. "బస్తాలే."

మనిషి కన్ను పోగొట్టిన కారు, మళ్లీ అదే బరువుతో, ఆసుపత్రి ఆవరణలోనే ఉంది! అక్క నా భుజం పట్టుకుని మెట్లు దిగింది. కారును గోడకు ఎదురుగా పెట్టించి డిమ్‌లో లైట్లు వేయించింది. వెలుతురు మా మొహాల ఎత్తున పడింది. అతను "అమ్మో" అని అక్కడే కూలబడ్డాడు. ఎదుటి షెడ్డులోంచి పిలిపించిన మెకానిక్ లైటు వెనక మర తిప్పుతుంటే, అక్క ఆ కారుకు ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. కట్టుకట్టిన తలతో, మిగిలిన ఒక్క కంటితో ఆ వెలుతురులోకే చూస్తూ, "ఇంకా దించు... ఇంకా" అంది. అది మోకాళ్ల కిందికి దిగేదాకా లేవలేదు. "బస్తాలు దింపినాక మళ్లీ సరిచేయించుకో" అని చెప్పి అతన్ని పంపించింది.

గదిలోకి వచ్చాక, "ఒక్క మాటైనా అనలేదేమక్కా?" అన్నాను.

"తిట్టుంటే నా కడుపుమంట చల్లారేది. అతను ఆ లైట్లతోనే నాయుడుపేట పోయుండేవాడు."

అని, గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది. అంతసేపూ ఆమెకు బాధ లేదనుకున్నాను.

అక్క ఇప్పుడు లేదు. కారులో బరువు వేసిన ప్రతిసారీ గోడ ముందు ఆపి లైట్లు చూసుకుంటాను. అది ఆమె నేర్పిన పని. నేర్పకుండానే అబ్బింది ఇంకొకటుంది. ఆ తర్వాత హేచరీలో ఉన్నన్నాళ్లూ ఆమెకు కనిపించని వైపునే నడిచేదాన్ని. ఇప్పటికీ ఎవరితో నడిచినా, నాకు తెలియకుండానే వాళ్ల కుడిపక్కకు వెళ్తాను.