నీలి చేతుల అన్న

పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో ఆమెను అందరూ పళ్ళక్క అనేవారు. ఆ పేరు పెట్టింది ల్యాబు ఓనరే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, డాక్టర్లు పంపిన ప్లాస్టర్ అచ్చుల మీద మైనం పోసి, పళ్ళు అమర్చి, అక్రిలిక్ చిగుళ్ళను అరగదీసి నునుపు చేసేది. ఆ సెట్లు ఎవరి నోట్లోకి వెళ్తాయో ఆమెకు తెలియదు. వాటిని పెట్టుకున్న మనిషి నవ్వగా ఒక్కసారి కూడా చూడలేదు.

ఆమె ఉండేది మూడో అంతస్తులో, ఒకటే గది, దాన్ని ఆనుకుని పొడవాటి డాబా. నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయినప్పుడు ఆయన్ను తన దగ్గరికే తెచ్చుకుంది. ఆయన టైలరు. జీవితమంతా కత్తెర పట్టిన చేయి అది. వ్యాయామం చేయించడానికి వచ్చేవాడు ఒక మెత్తటి బంతి ఇచ్చి, రోజూ నొక్కమన్నాడు. "నేనేమన్నా చంటిపిల్లాణ్ణా, బంతితో ఆడుకోవడానికి?" అని నాన్న దాన్ని మంచం కిందికి విసిరేశాడు. మర్నాడు ఆమె ల్యాబు నుంచి వస్తూ బొమ్మల షాపులో ఒక తుపాకి కొంది. నురుగులాంటి మెత్తటి గుళ్ళు పేలుస్తుంది, తగిలినా నొప్పి ఉండదు.

"ఇది చంటిపిల్లలది కాదు నాన్నా, పెద్దపిల్లలది. డబ్బా మీదే రాశారు" అంది.

నాన్న నవ్వాడు గానీ దాని లీవరు లాగలేకపోయాడు. స్ప్రింగు గట్టిది. ఆమె ల్యాబులోని చిన్న స్క్రూడ్రైవరుతో బొమ్మను విప్పింది. లోపల ఒక గొట్టం, గొట్టంలో పిస్టను, పిస్టను వెనక స్ప్రింగు, అంతే. పాతసామాన్ల కొట్లో మెత్తటి స్ప్రింగు వెతికి తెచ్చి వేసింది. ఆ తర్వాత ఆయన రోజూ మంచం మీద కూర్చుని ఎదురుగోడ మీది క్యాలెండరును కొట్టేవాడు. అది ఊగితే తగిలినట్టు లెక్క. కొన్ని నెలలకు వేళ్ళు కదిలాయి, చెంచా పట్టుకున్నాయి. అయితే మరుసటి చలికాలం ఆయన దాటలేదు.

ఆయన బట్టలు, కత్తెరలు, కుట్టుమిషను అడిగినవాళ్ళకు ఇచ్చేసింది. బొమ్మ ఎవరూ అడగలేదు. ఒక సెలవురోజు ఏమీ తోచక దాన్ని మళ్ళీ విప్పింది. ఈసారి ఇంకా గట్టి స్ప్రింగు వేస్తే గుండు ఎంత దూరం పోతుందో చూద్దామనిపించింది. డాబా ఆ చివర అట్టపెట్టె పెట్టి, ఈ చివరి నుంచి పేల్చింది. గాలి ఎక్కడో లీకవుతోంది. కుళాయిలకు చుట్టే తెల్ల టేపు పిస్టనుకు చుట్టి, మళ్ళీ బిగించి, మళ్ళీ పేల్చింది. తలెత్తి చూసేసరికి పొద్దువాలింది. అన్నం తినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఆ తర్వాత ఇంకోటి కొంది. అలా అలా అలమరలో బట్టలు ఒక అరకు సర్దుకున్నాయి, మిగతా అరలన్నీ బొమ్మలవే అయ్యాయి.

"నలభై ఆరేళ్ళొచ్చాయి, ఇప్పుడీ బొమ్మ తుపాకులేంటి అమ్మాయ్?" అని ఫోనులో వదిన అడిగేది.

"వయసొచ్చాకే కదా వదినా కొనుక్కోగలిగింది. చిన్నప్పుడు అడిగితే మా అన్నయ్యకు కొన్నారు, నాకు కొనలేదు."

వదిన నవ్వి ఫోను పెట్టేసేది. వాళ్ళిద్దరి మధ్య మాటలు ఎప్పుడూ అంతకంటే ముందుకు సాగేవి కావు.

కొత్త బొమ్మ మార్కెట్లోకి వస్తే కొని, విప్పి, ఏది బాగుందో ఏది తేలిపోయిందో చూపిస్తూ వీడియోలు పెట్టడం మొదలుపెట్టింది. ఫోను స్టాండుకు తగిలిస్తే బల్ల, బల్ల మీద రెండు చేతులు మాత్రమే కనబడేవి. ల్యాబులో వాడే నీలం గ్లవ్సు అలవాటుకొద్దీ ఇక్కడా తొడుక్కునేది. ఛానలుకు 'నీలి చేతులు' అని పేరు పెట్టింది. మొదటి వీడియోలో మాట్లాడి చూసింది. విని చూసుకుంటే ఓనరును సెలవు అడుగుతున్నట్టు ఉంది. అది తీసేసి, చెప్పాల్సింది కింద అక్షరాల్లో రాసింది. 'ఈ ట్రిగ్గరు చూడటానికి పహిల్వాను, పనిలో పిల్లి.' జనానికి ఆ రాతలు నచ్చాయి.

చూసేవాళ్ళు ఆమెను 'అన్నా' అని పిలిచారు. మొదట్లో నవ్వొచ్చింది. దిద్దుదామనుకుని ఊరుకుంది. తర్వాత అదే హాయిగా ఉందనిపించింది. అన్నను ఎవరూ పెళ్ళెందుకు చేసుకోలేదని అడగరు. 'వెళ్ళాను, విప్పాను, బిగించాను' అని తెలుగులో రాసే మనిషి ఆడో మగో తెలియదు కాబట్టి, ఆమెకు ఒక్క అబద్ధం ఆడాల్సిన అవసరం కూడా రాలేదు.

ఆ చూసేవాళ్ళలో ఒకడు 'డొక్కు స్కూటర్' అనే పేరుతో రాసేవాడు. మనిషి ఫ్రిజ్ మెకానిక్. ప్రతి వీడియో కిందా ముందు అతనే దిగేవాడు.

'అన్నా, మళ్ళీ పప్పులో కాలేశావు. ఆ స్ప్రింగుకి ఈ ట్రిగ్గరు ఆగదు. నెల తిరక్కుండా విరిగి చేతికొస్తుంది.'

'నీ స్కూటరు కంటే ఎక్కువ కాలమే నడుస్తుందిలే' అని ఆమె జవాబు రాసేది.

నిజంగానే నెల తిరక్కుండా విరిగింది. ఆమె ఆ ముక్కల ఫొటో తీసి అతనికి పంపింది. అప్పటినుంచి ఇద్దరూ విడిగా రాసుకోవడం మొదలైంది. అతను రిపేర్లకు తిరుగుతూ మధ్యమధ్యలో రాసేవాడు. 'ఇవాళ ఒకరింట్లో ఫ్రిజ్ వెనక ఎలక కాపురం పెట్టింది అన్నా. పిల్లల్తో సహా. ఖాళీ చేయించడానికి నోటీసు ఇవ్వాలా వద్దా?' అది చదివి ఆమె ల్యాబులో ఒక్కసారిగా నవ్వితే అందరూ తలలు తిప్పి చూశారు. "ఏం లేదు" అంది. ఒకరోజు ఆమె జ్వరమని రాస్తే, 'మాత్ర వేసుకుని పడుకో. ఒరేయ్ అన్నా, నీ వేషాలు నాకు తెలుసు, స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చునుంటావు' అని రాశాడు. ఆమె అప్పుడు నిజంగానే స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చునుంది. దాన్ని పక్కన పెట్టి పడుకుంది. నాన్న పోయాక ఈ మూడేళ్ళలో ఆమెను పడుకోమన్నది అతనొక్కడే.

అతనూ, మరికొందరూ అప్పుడప్పుడూ ఆదివారాలు ఒక పాత గోడౌనులో ఈ బొమ్మ తుపాకులతో రెండు జట్లుగా ఆడేవాళ్ళు. 'ఈసారైనా రా అన్నా. నీ మొహం చూడాలి' అని అతను చాలాసార్లు అడిగాడు. ఆమె ఏదో సాకు చెప్పేది. ఒక శనివారం డాబా మీద అట్టపెట్టెను కొట్టి, గుళ్ళు ఏరుకుంటుంటే, ఇన్నేళ్ళలో తను పేల్చింది అట్టపెట్టెల మీదే తప్ప మనిషి మీద ఎప్పుడూ పేల్చలేదని తట్టింది. 'వస్తాను' అని రాసేసింది.

గోడౌను గేటు దగ్గర మెడలో ఈల వేసుకున్న కుర్రాడు ఆమెను ఆపాడు. "ఎవరి కోసమమ్మా? మీ పిల్లలు లోపలున్నారా?"

"ఆడదామని వచ్చాను."

అతను ఒక్క క్షణం తటపటాయించి, కళ్ళద్దాలు, అద్దెకిచ్చే బొమ్మ తెచ్చిచ్చాడు. తన సంచిలో తను చేసుకున్నదే ఉన్నా ఆమె తీయలేదు. అద్దె బొమ్మ లీవరు లాగగానే లోపల రబ్బరు రింగు అరిగిపోయిందని శబ్దంతోనే తెలిసింది. అయినా దాంతోనే జట్టులో నిలబడింది.

"స్కూటరన్నా, మొదలెడదామా?" అని ఎవరో అరిచారు. అవతలి జట్టులోంచి ఒక గుండ్రటి మనిషి ఫోను చూసుకుంటూ, "ఆగండ్రా, నీలి చేతులన్న వస్తానన్నాడు" అన్నాడు. కాసేపు గేటు వైపు చూసి, "సరే, కానివ్వండి" అన్నాడు.

ఆట మొదలైంది. ఖాళీ డ్రమ్ముల మధ్య, చెక్కల దొంతరల వెనక ఆమె పరిగెత్తింది. మొదటి ఆటలో గుండు భుజానికి తగిలింది, రెండో ఆటలో పొట్టకు. మూడో ఆటలో డ్రమ్ము చాటునుంచి స్కూటరే లేచి సూటిగా వీపు మీద కొట్టాడు.

"ఔటండీ. పెద్దావిడని కూడా చూడకుండా కొట్టేశాను, ఏమీ అనుకోకండి."

"ఏమీ అనుకోను. మళ్ళీ కొట్టండి" అంది. ఆయాసంతో నవ్వు, నవ్వుతో దగ్గు వచ్చాయి. అలా పగలబడి నవ్వి ఎన్నేళ్ళయిందో.

ఆట అయ్యాక అందరూ కుళాయి దగ్గర మొహాలు కడుక్కుంటున్నారు. స్కూటరు ఇంకా గేటు వైపే చూస్తున్నాడు. "రాలేదు. వాడంతే, ఒట్టి మొహమాటస్థుడు" అన్నాడు పక్కవాడితో. ఆ గొంతులో దిగులు విని ఆమె ఉండబట్టలేకపోయింది.

"వచ్చాను" అంది. "నీలి చేతులు నేనే."

అతను నవ్వాడు. ఆమె సంచిలోంచి తన బొమ్మ తీసి చూపించింది. పోయిన వారం వీడియో కింద అతను గంటసేపు పోట్లాడిన బొమ్మ అది. అతని నవ్వు మెల్లగా ఆగిపోయింది. తెలియని వాళ్ళింట్లోకి చెప్పులతో వచ్చేసినవాడిలా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అయ్యో మేడమ్. నేను మీకు ఏవేవో రాశాను. ఒరేయ్ అని కూడా అన్నాను."

"అన్నావు. బాగుండేది."

"క్షమించండి మేడమ్."

ఈలోపు అందరూ మూగారు. ఫొటోలు తీసుకున్నారు, చప్పట్లు కొట్టారు. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. స్కూటరు ఆ గుంపు చివర నిలబడి, చేతులు కట్టుకుని, మర్యాదగా తలాడిస్తూ ఉన్నాడు.

ఆ వారం అతని దగ్గర్నుంచి వచ్చిన మాట ఒకటే. 'నమస్కారమండి మేడమ్, మీ వీడియో చాలా బాగుందండి.' ఎలకల కబుర్లు ఆగిపోయాయి. పోట్లాటలూ ఆగిపోయాయి. ఆమె కావాలనే ఒక వీడియోలో స్ప్రింగు తలకిందులుగా బిగించింది. ఎవరికి కనబడకపోయినా అతనికి కనబడి తీరుతుంది. 'చాలా బాగుందండి' అనే వచ్చింది.

ఉండలేక అడిగింది. 'స్ప్రింగు తప్పు బిగించాను. చూడలేదా?'

'చూశానండి. మీతో అలా అంటే బాగుండదని ఊరుకున్నాను.'

'ఎందుకు బాగుండదు?'

'మా ఆవిడ అడుగుతోందండి, రోజూ ఎవరితో అని. ఇదివరకు అన్న అంటే సరిపోయేది.'

ఆమెకు కోపం రాలేదు. అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. 'సరే' అని రాసి, ఫోను బోర్లా పెట్టి, స్ప్రింగు తీసి సరిగ్గా బిగించుకుంది.

అయినా మరోసారి గోడౌనుకు వెళ్ళింది. ఆటలోనైనా మునుపటిలా ఉంటుందేమో అనుకుంది. ఈసారి గేటు దగ్గరి కుర్రాడు సంచి అందుకున్నాడు. ఈల మోగింది. ఆమె డ్రమ్ముల మధ్య పరిగెత్తింది, చాటునుంచి బయటికి వచ్చింది, ఎదురుగా వెళ్ళి నిలబడింది. గుళ్ళు ఆమెకు అటూ ఇటూ దూసుకుపోతున్నాయి. ఒక్కటీ తగలడం లేదు. ఒక కుర్రాడు గురిపెట్టి, ఆమెను గుర్తుపట్టి, పక్కకు తిప్పుకున్నాడు. స్కూటరు పదడుగుల దూరంలో ఎదురుపడ్డాడు. బొమ్మ ఎత్తాడు, దించేశాడు. "మీరు వెళ్ళండి మేడమ్" అన్నాడు మెల్లగా. ఆమె అతని ఛాతీ మీద కొట్టింది. అతను నవ్వి, చెయ్యెత్తి ఔటయ్యాడు. అలా ఒక్కొక్కరూ ఔటైపోగా చివరికి ఆ గోడౌను మధ్యలో ఆమె ఒక్కతే మిగిలింది. "గెలిచారు మేడమ్" అని అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె బొమ్మలోని గుళ్ళు తీసి జేబులో వేసుకుంది. బస్సు దొరకదని చెప్పి తొందరగా బయల్దేరింది. మళ్ళీ అటు వెళ్ళలేదు.

వీడియోలు మాత్రం ఆపలేదు. చూసేవాళ్ళు పెరిగారు. గోడౌనువాళ్ళు తప్ప మిగతావాళ్ళందరికీ ఆమె ఇంకా అన్నే. స్కూటరు పండక్కీ పబ్బానికీ దండాలు పెడతాడు, ఆమె తిరిగి పెడుతుంది.

కొన్ని నెలల తర్వాత, ఊరికి ఆ చివర మూతపడ్డ కూరగాయల మార్కెట్టులో వేరే గుంపు ఆడుతోందని ఎక్కడో చదివింది. రెండు బస్సులు మారి వెళ్ళింది. షాపులో కొన్న బొమ్మను కొన్నట్టే, మూత కూడా విప్పకుండా తీసుకెళ్ళింది. ఏం చేస్తుంటారని అడిగితే పళ్ళ సెట్లు చేస్తానంది. "అయితే మా నాన్నమ్మకు చెప్తాను" అని ఒక కాలేజీ అమ్మాయి అని, ఆట మొదలైన వెంటనే ఆమె మోచేతి మీద గురిచూసి కొట్టింది.

"ఆంటీ, బాగా పరిగెడుతున్నారు గానీ మీ బొమ్మ వేస్టు" అంది ఆ అమ్మాయి నీళ్ళు తాగుతూ. "నీలి చేతులని ఒకాయనున్నాడు. ఆయన వీడియోలు చూసి స్ప్రింగు మార్పించుకోండి."

"చూస్తానమ్మా" అంది.

చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. నోటిదాకా వచ్చింది. ఇంతలో ఈల మోగింది, ఆ అమ్మాయి సీసా కింద పడేసి బొమ్మ తీసుకుని ఆమె వైపే తిప్పింది. ఆమె సిమెంటు అరుగు వెనక్కి పరిగెత్తింది. తిరిగొచ్చే బస్సులో మోచేయి చురుక్కుమంటుంటే రుద్దుకుంటూ కూర్చుంది. మళ్ళీ ఆదివారం కూడా రెండు బస్సులు మారి వెళ్ళింది.